పేరు రాయని మూడు క్యూబులు

అమ్మా నాన్నా ఆమెకి పెట్టిన పేరు ఒకటి ఉంది. అయితే కాంక్రీటు యార్డులో ఆ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పై మేనేజరు దాకా అందరికీ ఆమె క్యూబులక్కే. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాడైన లారీ డ్రైవరు కూడా "క్యూబులక్కా, నా లోడు కాస్త తొందరగా చూసిపెట్టు తల్లీ" అని బతిమాలేవాడు.

ఆమె చేసే పని అలాంటిది మరి. యార్డులో కాంక్రీటు కలిపి లారీలకెత్తి పంపిస్తారు. అది రేపు గట్టిపడి కప్పవుతుందో, ఉత్త బురదగా మిగులుతుందో కంటితో చూస్తే ఎవరికి తెలుస్తుంది? అందుకని లోడులోంచి కాస్త తీసి, జానెడు కన్నా చిన్న ఇనుప అచ్చుల్లో పోసి, చదరపు దిమ్మెలు చేస్తారు. నీళ్ళ తొట్టిలో నానబెట్టి, ఏడో రోజున కొన్ని, ఇరవై ఎనిమిదో రోజున కొన్ని యంత్రం కింద పెట్టి పగలగొడతారు. ఎంత బరువు దాకా ఓర్చుకుందో ముల్లు చూపిస్తుంది. ఆ దిమ్మెనే క్యూబు అంటారు. అది పాసైతే ఆ కాంక్రీటుతో వేసిన కప్పు కూడా పాసైనట్టే లెక్క.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె ఆ యార్డుకి వచ్చింది తట్టలు మోయడానికి. ఒకరోజు క్యూబులు పోసే కుర్రవాడు రాకపోతే, "ఏమమ్మా, నువ్వొకసారి పోసి చూడు" అన్నారట. అంతే, మళ్ళీ తట్ట ముట్టుకోలేదు. ఆమె చెయ్యి అలాంటిది. అచ్చు లోపల నూనె గుడ్డతో మూల మూలా తుడిచేది. మూడు పొరలుగా పోసి, పొరకి ముప్పై అయిదు పోట్లు ఇనపకడ్డీతో పొడిచేది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మొదటినుంచీ మళ్ళీ మొదలు. తొట్టిలో నీళ్ళకి సున్నపు ఘాటు. ఆ నీళ్ళలో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళ సందులు పగిలి, చలికాలంలో నెత్తురొచ్చేది. ఆమె పోసిన క్యూబులు మాత్రం అద్దంలా ఉండేవి. ఫెయిలన్న మాటే లేదు. "అక్క చెయ్యి పడితే ఇసకైనా పాసే" అని డ్రైవర్లు వేళాకోళమాడేవారు. ఆమె విసుక్కున్నట్టు నటించేదేగానీ, ఆ మాట వింటే లోలోపల పొంగిపోయేది. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుంది లెండి!

ఆమె భర్త బియ్యం మిల్లులో బాయిలరు దగ్గర పని. బాయిలర్లో తగలేసేది ఊక. ఊక తగలెడితే మిగిలేది బూడిద. ఎంత బూడిదనుకున్నారు! మిల్లు వెనక గుట్టలు గుట్టలు. గాలి లేస్తే ఆ వీధంతా కళ్ళు నులుముకోవలసిందే. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతకవలసిందే. పిల్లలకి దగ్గు తగ్గేది కాదు. మిల్లు యజమానిని అడగలేక జనం ఈయన్నే ఆడిపోసుకునేవారు. "బూడిదాయన వస్తున్నాడు, ముక్కులు మూసుకోండర్రా" అని మొహం మీదే అనేవారు.

ఆయన నోరున్నవాడు కాదు. అన్నీ పడేవాడు. కానీ మనసులో ఎక్కడో పట్టుదల. యార్డుకి కొత్తగా వచ్చిన ఇంజినీరమ్మాయి ఒకసారి మిల్లు గుట్ట చూసి, "దీన్ని సరిగ్గా కాలిస్తే సిమెంటులో కొంత భాగం తగ్గించి దీన్ని కలపొచ్చు. సిమెంటు తయారీకి బట్టీలు ఎంత పొగ కక్కుతాయో తెలుసా? అదీ తగ్గుతుంది, మీ గుట్టా తరుగుతుంది" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన నాలుగేళ్ళు తిప్పలు పడ్డాడు. బాయిలరు బూడిద పనికిరాదు, సగం కాలి నల్లగా ఉంటుంది. మంట మరీ ఎక్కువైతే తెల్లగా మెరిసిపోతుంది, అదీ దండగే. నెమ్మదిగా కాలాలి. మిల్లు వెనక ఇటుకలతో చుట్టూ కన్నాలు పెట్టి పొయ్యి కట్టాడు. కట్టినదాన్ని ఏడుసార్లు కూల్చి మళ్ళీ కట్టాడు. బూడిద అరచేతిలో వేసి రుద్ది, మరక చూసి మంచిదో కాదో చెప్పేసే స్థితికి వచ్చాడు. దాన్ని మరలో మెత్తగా ఆడించి యార్డుకి పంపితే, క్యూబులక్క పోసి పగలగొట్టేది. మొదట్లో పెంకుల్లా విరిగిపోయేవి. ఆయన ఆ ముక్కలే తిప్పి తిప్పి చూసుకునేవాడు. రానురాను ముల్లు పైకి పాకింది. ఆరు బస్తాల సిమెంటు పడేచోట అయిదు సిమెంటూ, ఆరోది బూడిదా. ఈ పాళ్ళు నిలబడ్డాయి.

మేనేజరుకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఇంజినీరమ్మాయి వెంటపడగా వెంటపడగా, "సరే, ఒక్క పనికి ఒప్పుకుంటున్నాను. ఏదైనా తేడా వచ్చిందో, మళ్ళీ నా గుమ్మంలో బూడిద మాట ఎత్తకూడదు" అన్నాడు. ఆ ఒక్క పనీ బడి కప్పు. చిన్నపిల్లల తరగతులు రెండు, మధ్యలో వసారా.

ఆ కప్పు పని పట్టిన మేస్త్రి ఎవరనుకున్నారు? క్యూబులక్క సొంత తమ్ముడు. అంతవరకూ ఇరవయ్యేళ్ళు ఒకళ్ళ కింద చేసినవాడు. తన పేరు మీద పని పట్టడం అదే మొదలు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. మాటకారి, చేతి పనిలో దిట్ట. అక్కంటే ప్రాణం పెట్టేవాడు. భర్త బూడిద, తమ్ముడి కప్పు, తన క్యూబులు, మూడూ ఒక్కచోట కలిశాయని ఆమె ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

కప్పు పోసిన రోజు ఎండ మండిపోతోంది. బడి సందు మలుపులో మొదటి లారీ ఇరుక్కుపోయి, వెనక్కీ ముందుకీ ఆడి బయటపడేసరికి గంట గడిచింది. అసలే బూడిద కలిసిన కాంక్రీటు నీళ్ళు పీల్చేసుకుంటుంది. అది జారుగా ఉండడానికి వేసిన మందు పని చేసేది కాసేపే. లారీ నోరు తెరిచేసరికి ముద్ద ముద్దగా దిగింది. లారీతో పాటే అచ్చులు పట్టుకొచ్చిన క్యూబులక్క ఎప్పటిలాగే మొదట దిగిన దాంట్లోంచి తీసుకుని ఆరు క్యూబులు పోసింది. పైన కూలీలు పారలతో లాగలేక బూతులు లంకించుకున్నారు. తమ్ముడు కిందకి దూకాడు.

"పైపు అందుకోండ్రా!" అన్నాడు.

నీళ్ళ పైపు లారీ డ్రమ్ములోకి దూరింది. డ్రైవరు చూడనట్టు మొహం తిప్పుకున్నాడు. ఏ కప్పు దగ్గరైనా జరిగేది అదే. పని సాగకపోతే పైపు. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పరు, ఎవరికీ తెలియకా పోదు.

"ఒరేయ్, నీళ్ళు ఎక్కువైతే బలం పోతుంది, ముట్టుకోవద్దని ఇంజినీరమ్మాయి మరీ మరీ చెప్పింది కదరా" అంది క్యూబులక్క.

"నేనేం చెయ్యనక్కా? బావగారి బూడిదకి దాహం వేస్తోంది. దాహమన్నవాళ్ళకి నీళ్ళు పొయ్యకపోతే పాపం కదూ!"

కూలీలు పగలబడి నవ్వారు. క్యూబులక్క కూడా నవ్వింది. అవును, నవ్వింది. తర్వాత ఎన్నిసార్లు ఆ నవ్వు తలుచుకుని కుమిలిపోయిందో ఆమెకే తెలుసు. ఇంజినీరమ్మాయి యార్డులో బూడిద తూకం దగ్గర ఉంది. ఒక్క ఫోను చేస్తే లారీ వెనక్కి పోయేది. అప్పుడు తమ్ముడి మొదటి పని అభాసుపాలయ్యేది, బూడిదతో తేడా వచ్చిందని మేనేజరు చెవిన పడేది. పోనీలే, కాస్త నీళ్ళేగా అనుకుంది. నోరు కట్టేసుకుంది గానీ చెయ్యి ఊరుకోలేదు. ఆ పలచటి దాంట్లోంచి మరో మూడు అచ్చులు నింపింది. పొరకి ముప్పై అయిదు పోట్లు. వాటి మీద తేదీ రాయలేదు, పనిపేరు రాయలేదు. యార్డుకి తెచ్చాక తొట్టిలో ఒక మూలకి తోసేసింది. ఆ రోజు ఆ తర్వాత వచ్చిన నాలుగు లారీల్లోనూ పైపు దూరింది.

ఆ ఇరవై ఎనిమిది రోజులూ ఆమెకి కంటిమీద కునుకు లేదు. మామూలు సిమెంటుకైతే పక్షం రోజులకే కప్పుకి కింద ఆనించిన గుంజలు తీసేసేవారు. బూడిద నిదానంగా గట్టిపడుతుందని ఇంజినీరమ్మాయి నెల దాకా ఉంచమంది. ఆ గడువంతా క్యూబులక్క తొట్టి దగ్గరికి వెళ్ళడం, ఆ మూలకేసి చూడకుండా రావడం. వాటిని పగలగొట్టి పారేద్దామని రెండుసార్లు బయటికి తీసి, మళ్ళీ నీళ్ళలోకి దించేసింది.

చివరికి ఆ రోజు వచ్చింది. ఏడో రోజున మూడు పగిలాక, పేరు రాసిన క్యూబులు మూడు మిగిలాయి. పాసవాలంటే ముల్లు ఇరవై అయిదు దాటాలి. మొదటిది ఇరవై తొమ్మిది, రెండోది ముప్పై, మూడోది మళ్ళీ ఇరవై తొమ్మిది. ఇంజినీరమ్మాయి చిన్నపిల్లలా గెంతి, "అక్కా, గెలిచాం! మీ ఆయనకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంటూ కాగితం మీద సంతకం పెట్టించుకుని బడికి పరిగెత్తింది. మర్నాడు పొద్దున గుంజలు తీస్తారు. సోమవారం నుంచి పిల్లలు అందులో కూర్చుంటారు.

క్యూబులు పగలగొట్టే గదిలో ఒక్కతే మిగిలింది. తలుపు దగ్గరగా వేసి, మూలన ఉన్న మూడూ తీసింది. మొదటిదాన్ని యంత్రం కింద పెట్టి మీట నొక్కింది. ముల్లు పదమూడు దగ్గర ఆగిపోయింది. పగిలిన చప్పుడు కూడా గట్టిగా రాలేదు. రెండోది పన్నెండు. మూడోది పద్నాలుగు. అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ తన క్యూబులు చెప్పింది తన చేతి పనితనం గురించే తప్ప అక్కడ పోసిన కప్పు గురించి కాదని అప్పుడు తెలిసొచ్చింది.

లేచి తిన్నగా బడికి నడిచింది. తమ్ముడు వసారాలో గుంజల మేకులు వదులు చేయిస్తున్నాడు.

"ఒరేయ్, గుంజలు ముట్టుకోకు!"

"ఏమైందక్కా? పాసయ్యాయని ఆవిడ ఇప్పుడేగా చెప్పి వెళ్ళింది?"

పక్కకి లాక్కెళ్ళి చెప్పింది.

"పేరు లేని క్యూబు ఎవరిదైనా కావచ్చు. తీసి అవతల పారెయ్" అన్నాడు.

"నేను పోసినవి రా. నా చేత్తో పోసినవి."

"ఎందుకు పోశావ్? ఎవరు పొయ్యమన్నారు నిన్ను? నా కొంప ముంచడానికా?" అని అరిచాడు. వెంటనే గొంతు దిగిపోయింది. "పోనీ ఇంకో రెండు నెలలు గుంజలు ఉంచుదాం. బూడిద నెమ్మదిగా గట్టిపడుతుందని బావే అంటాడుగా."

"పోసిన నీళ్ళు వెనక్కి రావురా. ఎన్నాళ్ళుంచినా పదమూడు ఇరవై అయిదు అవుతుందా? పైన ముప్పైమంది పిల్లలు ఎగిరితే? ఒక వాన నిలిస్తే?"

అతను గుంజని పట్టుకుని నిలబడిపోయాడు. ఆమె చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్లవాడు. దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకోలేకపోయింది.

సాయంత్రం ఇంట్లో భర్త ముందు ఇద్దరూ కూర్చున్నారు. ఆయన అంతా విన్నాడు. అరచేతులు చూసుకున్నాడు.

"ఎలాగూ కప్పు కూల్చాల్సిందే. దాంట్లో మాట లేదు. ఎందుకు చెడిందని అడుగుతారు. బూడిద మీద వేసెయ్యండి" అన్నాడు.

"బావా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వూరుకోరా. ఈ ఒక్క పనికే నీ పేరు పోయిందంటే మళ్ళీ ఎవడూ పిలవడు. ఇద్దరు పిల్లలున్నారు నీకు. బూడిదకి పెళ్ళామా, పిల్లలా?"

నాలుగేళ్ళ కష్టాన్ని ఆ మనిషి పాత చొక్కా విప్పి పారేసినంత తేలిగ్గా పారేస్తున్నాడు. ఆయన తేలిగ్గా అన్నా, రాత్రి భోజనం పళ్ళెం ముట్టలేదు.

మర్నాడు మేనేజరు గదిలో అందరూ కూడారు. బడి హెడ్మాస్టరు, ఇంజినీరమ్మాయి, తమ్ముడు, భర్త, ఆమె. బల్లమీద ఆ మూడు క్యూబుల ముక్కలు. ముందుగా ఆమె చెప్పిన మాట ఒక్కటే, గుంజలు తియ్యొద్దు, కప్పు బలంగా లేదు అని. హెడ్మాస్టరు తల పట్టుకున్నాడు.

"ఎందుకు చెడింది?" అన్నాడు మేనేజరు.

ఆమె నోరు తెరిచేలోపు భర్త లేచి నిలబడ్డాడు. "తప్పు నాదండీ. ఆ రోజు బూడిద సరిగా కాల్లేదు. నల్లది కలిసిపోయింది. చూసుకోలేదు."

"నేను ముందే మొత్తుకున్నాను!" మేనేజరు బల్ల చరిచాడు. "ఇవాళ్టితో ఈ బూడిద గోల సరి. ఇక మామూలు సిమెంటే."

"నేను చూశాను సార్ ఆ బూడిద. బాగానే ఉంది" అంది ఇంజినీరమ్మాయి.

"చూసి ఏం లాభం? కాల్చినాయనే ఒప్పుకుంటుంటే నీదేమిటి మధ్యలో?"

ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది. తమ్ముడు నేల చూపులు చూస్తున్నాడు. క్యూబులక్క భర్త కేసి చూసింది. జన్మలో అబద్ధమాడనివాడు, చెవులదాకా ఎర్రబడిపోయాడు. బూడిదని వెళ్ళగొట్టేస్తారు, సరే. మరి పైపు? రేపు మామూలు సిమెంటు లారీ వస్తుంది, ఎండకి బిగుసుకుంటుంది, మళ్ళీ పైపు దూరుతుంది. తను ముందే మంచి ముద్ద తీసి అద్దంలాంటి క్యూబులు పోస్తుంది. పాసంటారు. ఇంకో బడి, ఇంకో ఆసుపత్రి.

"ఆయన అబద్ధం చెబుతున్నారు" అంది.

"ఏమే!" అన్నాడు భర్త.

"బూడిద మంచిదే. ఇందులో పోసినవి నీళ్ళు. అయిదు లారీల్లోనూ పోశారు. పొయ్యమన్నది మా తమ్ముడు. చూసి ఊరుకున్నది నేను."

తమ్ముడు తలెత్తి ఆమెను చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నమ్మలేనట్టు చూశాడు.

"ఎందుకు ఊరుకున్నావ్?" అన్నాడు మేనేజరు.

"తమ్ముడు గనక."

"మరి తమ్ముడు కానివాళ్ళ దగ్గర? ఇరవై రెండేళ్ళుగా పోశావు కదా క్యూబులు. అక్కడెప్పుడూ పైపు చూడలేదా?"



ఇంజినీరమ్మాయి కప్పుని నాలుగు చోట్ల తొలిచి ముక్కలు తీయించింది. అన్నీ పన్నెండూ పదమూడే. ముక్కల్లో బూడిద బాగానే కలిసిందని కూడా కాగితం మీద తేలింది. మేనేజరు గొణుక్కుంటూనే బూడిదని ఉండనిచ్చాడు. లారీలోంచి దిగేచోట కాకుండా, కప్పు మీద పరిచిన చోటే క్యూబులకి తీయాలని కొత్త నియమం పెట్టారు. క్యూబులు పోయడానికి మాత్రం వేరే మనిషిని పెట్టుకున్నారు. తెలిసి మూసిపెట్టిన మనిషిని క్యూబుల గదిలో ఉంచలేమన్నారు. ఆమె తాళంచెవి బల్లమీద పెట్టి వచ్చేసింది. వాళ్ళ మాటలో తప్పేముంది?

భర్త కొన్నాళ్ళు మొహం ముడుచుకున్నాడు. "నేను మోస్తానన్నానుగా" అని ఒక్కసారి అన్నాడు. మళ్ళీ ఎత్తలేదు. పొయ్యి దగ్గర మాత్రం పని పెరిగింది. ఆమె బజారుకెళితే ప్రతి కప్పుకేసీ చూసేది. ఆ మందుల దుకాణం తను పాస్ చేసిందే. ఆ బస్టాండు వసారా తను పాస్ చేసిందే. కింద జనం నిలబడి కబుర్లాడుకుంటుంటే ఆమె పైన కప్పులో బీట కోసం వెతికేది. ఎవరికి చెప్పుకోను, ఏమని చెప్పుకోను అనుకునేది.

తమ్ముడి ఇంటికి మూడుసార్లు వెళ్ళింది. మూడుసార్లూ మరదలే తలుపు తీసింది. "పడుకున్నారు వదినా", "బయటికెళ్ళారు వదినా", మూడోసారి ఏమీ అనకుండా ఏడ్చింది. అతని చేతిలో ఉన్న ఇంకో రెండు పనులూ జారిపోయాయట. బడి కప్పుని సొంత కష్టంతో కూల్చి మళ్ళీ వేసివ్వడానికి ఒప్పుకున్నాడట.

కూల్చే రోజు ఆమె ఉండబట్టలేక వెళ్ళింది. సందంతా దుమ్ము. పైన సమ్మెటలు పడుతున్నాయి. తమ్ముడు అందరికన్నా ముందు నిలబడి, చొక్కా లేకుండా, తను పోసిన కప్పుని తనే కొడుతున్నాడు. రెండు నెలల్లో సగమైపోయాడు. ఇనపకడ్డీలు బయటపడి వంకర్లు తిరిగి వేలాడుతున్నాయి. ఆమె అతన్నే చూస్తూ, తెలియకుండానే వసారా అంచు కిందకి వచ్చేసింది.

సమ్మెట ఆగింది. అతను కిందకి చూశాడు. ఆమెను చూశాడు. ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. ఆమెకి ఆశ పుట్టింది.

"ఏమ్మా, అక్కడ నిలబడకండి" అన్నాడు, దారిన పోయే ఎవరో ఆడమనిషితో అన్నట్టు. "పెచ్చులు పడతాయి. అవతలికి వెళ్ళండి."

ఆమె వెళ్ళింది. గోడవతల, రాళ్ళు పడనంత దూరంలో నిలబడింది. ఆమె పూర్తిగా తప్పుకుందని చూసుకున్నాకే అతను మళ్ళీ సమ్మెట ఎత్తాడు.